లంక పొగాకు పాత విత్తనాన్ని నిలబెట్టుకోవడం, మెరుగుపరచుకోవడం ఎలా?

చుట్టకు పనికివచ్చే పొగాకులో విత్తనం కట్టుకోదలచిన రైతుకు మొదటే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆకు దళసరిగా, ఘాటుగా తయారు కావాలంటే పూమొగ్గ కనిపించగానే తల తుంచాలి, ఆ తరువాత పుట్టే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయాలి. తల తుంచిన మొక్క విత్తనం ఇవ్వదు. విత్తనం కోసం పూతకు వదిలిన మొక్కలో సారమంతా కాయలకు పోయి ఆకు పలచబడుతుంది కాబట్టి, దాని ఆకు అసలు గుణం ఏమిటో తేలదు. దీనికి విరుగుడుగా చాలామంది చేసేది, చేలో ఏపుగా కనిపించిన నాలుగు మొక్కలను పూతకు వదిలి, వాటి కాయలన్నీ కలిపి దంచుకోవడం. అలా చేస్తూ పోతే మీరు ఎంచుకుంటున్నది ఎత్తునూ ఏపునూ మాత్రమే. చుట్ట ఎలా కాలుతుందన్న విషయం ఆ ఎంపికలోకి రానే రాదు. కొన్ని తరాలు గడిచేసరికి పేరు పాతదే ఉంటుంది, ఆకు మాత్రం వేరుగా ఉంటుంది.

ఇక్కడ చెబుతున్న పద్ధతి గోదావరి లంకల్లో వరద తీసిన ఒండ్రు మీద పండించే చుట్ట పొగాకును దృష్టిలో పెట్టుకున్నది. మెట్ట నేలల నాటు పొగాకుకు కూడా ఇదే వర్తిస్తుంది, కాకపోతే నాటే కాలం మారుతుంది.

మొదట చేతికి వచ్చిన విత్తనాన్ని పరీక్షించండి

పాత విత్తనం మూడు చోట్ల దొరకవచ్చు: ఇప్పటికీ ఆ రకం వేస్తున్న ఇళ్లలో, చుట్టలు చుట్టేవారికి ఆకు అమ్మే రైతుల దగ్గర, లేదా 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పేరుతో ఏర్పడిన పరిశోధన సంస్థ విత్తన నిధిలో. ఎవరి దగ్గర తీసుకున్నా ఊరు, చేను ఉన్న చోటు, నేల స్వభావం, ఆ ఇంట్లో దాన్ని పిలిచే పేరు, కాయ కోసిన సంవత్సరం, ఇవి వెంటనే రాసిపెట్టుకోండి. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు రకాలు ఉండడం, ఒకే రకానికి రెండు పేర్లు ఉండడం మామూలే కాబట్టి, పేరు ఒకటే కదా అని రెండు చోట్ల విత్తనాన్ని మొదటి ఏడాదే కలిపివేయకండి.

పొగాకు గింజ చాలా చిన్నది; గ్రాముకు పది వేలకు పైనే తూగుతాయి. అందుచేత మొలక పరీక్షకు విత్తనం పోతుందని భయపడనక్కరలేదు. మూత ఉన్న పళ్లెంలో తడిపిన మెత్తటి కాగితం పరచి, నూరు గింజలను ఎడంగా చల్లి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. ఈ గింజ మొలకెత్తడానికి వెలుతురు తోడ్పడుతుంది, కాబట్టి చీకటి గదిలో పెట్టి మొలవలేదని తీర్పు చెప్పకూడదు. ఏడో రోజున ఒకసారి, పదహారో రోజున మరొకసారి లెక్కపెట్టండి. ఎనభైకి పైగా మొలిస్తే విత్తనం బాగున్నట్లే. పది పన్నెండే మొలిచినా దాన్ని పారవేయకండి. పాత రకంలో ఆ పదీ బతికి కాయ కాస్తే చాలు. అలాంటప్పుడు ఉన్న విత్తనంలో సగమే వాడి, మిగతా సగాన్ని మరో ప్రయత్నానికి దాచుకోండి.

నారుమడిలోకి చుట్టతో వెళ్లకండి

లంకల్లో వరద తగ్గి నేల పదునుకు వచ్చాక, అక్టోబరు, నవంబరు నెలల్లో నాట్లు పడతాయి. నారు సిద్ధం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆగస్టు చివరినుంచే వరద అందని మెరక చోట ఎత్తైన మళ్లు కట్టుకోవాలి. మడి మీద ఎండుకంప, ఊక వేసి కాల్చితే కలుపు గింజలు, కొంతవరకు తెగులు కారకాలు చస్తాయి. చదరపు మీటరుకు అర గ్రాము విత్తనం మించకుండా, పొడి ఇసుకలో బాగా కలిపి చల్లండి. మట్టి కప్పవద్దు, పలచగా వరిగడ్డి పరచి, రోజ్ క్యాన్‌తో సన్నగా నీరు చల్లితే చాలు. మొలక రాగానే గడ్డిని కొద్దికొద్దిగా తీసివేయాలి. ఒత్తుగా పోస్తే కుళ్లు తెగులు ఒక్క రాత్రిలో మడిలో సగాన్ని తినేస్తుంది, అప్పుడు బతికింది మంచి మొక్కో అదృష్టవంతమైన మొక్కో మీకు తెలియదు. లద్దె పురుగు కోసం మడి చుట్టూ ఆముదం వేయడం మంచిది. అది గుడ్లు ముందుగా ఆముదపు ఆకు మీద పెడుతుంది, ఏరివేయడం తేలిక.

ఒకే మడిలో రెండు రకాలు పోయవలసి వస్తే మధ్యలో గట్టు వేయండి, పేరు రాసిన రేకు ముక్క రెండు చివరలా పాతండి. నీరు పొంగి గింజ కొట్టుకుపోయే అవకాశం ఉన్న చోట విడి ట్రేలలో నారు పెంచడమే క్షేమం.

మొజాయిక్ తెగులు వైరస్ ఎండబెట్టిన ఆకులో కూడా ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. చుట్ట పట్టుకున్న వేళ్లతో నారు పీకితే, ఆ చుట్టలోని తెగులే నారుకు అంటుతుంది. కాబట్టి నారుమడిలో, ఆ తరువాత విత్తన మొక్కల మధ్య పని చేసేవారెవరూ చుట్టగానీ నమిలే పొగాకుగానీ వెంట తీసుకురాకూడదు; సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మొక్కను ముట్టుకోవాలి. చుట్ట పొగాకు పండించే ఇళ్లలో ఈ ఒక్క నియమాన్ని అమలు చేయడం మిగతా పనులన్నిటికంటే కష్టం.

మొక్కను కాదు, సాలును ఎంచండి

మొదట చెప్పిన చిక్కుకు పరిష్కారం ఇక్కడ ఉంది. పొగాకు ప్రధానంగా తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే పంట. శుద్ధమైన తల్లి మొక్కకు పుట్టిన పిల్లలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, కొన్ని పిల్లల ఆకును పరీక్షించి, మిగతా పిల్లల విత్తనాన్ని నమ్మవచ్చు.

మొదటి ఏడాది మీ చేలో రకపు లక్షణాలన్నీ ఉన్న ఇరవై, ముప్పై మొక్కలను వేర్వేరు చోట్ల ఎంచుకోండి. గట్టు పక్కన, ఎరువు కుప్ప వేసిన చోట పెరిగిన మొక్కలను వదిలివేయండి. వాటి బలం నేలది, జాతిది కాదు. ఆకు కాండానికి అతుక్కున్న తీరు, ఆకుల మధ్య ఎడం, ఈనెల సన్నదనం, పూత వచ్చిన రోజు, పువ్వు రంగు రాసుకోండి. పరాయి పుప్పొడి తగలకుండా వాటి పూతకు సంచి తొడిగి, ఒక్కొక్క మొక్క విత్తనాన్ని విడిగా, అంకె వేసి దాచండి. ఒక కాయలోనే రెండు వేలకు పైగా గింజలు ఉంటాయి, కాబట్టి ఒక మొక్క ఇచ్చే విత్తనం ఏళ్ల తరబడి సరిపోతుంది. ఈ తల్లి విత్తనంలో సగాన్ని సీసాలోనే ఉంచి, సగాన్ని మాత్రమే బయటకు తీయాలి.

రెండో ఏడాది ఒక్కొక్క తల్లి విత్తనాన్ని ఒక్కొక్క సాలుగా నాటండి. సాలుకు ఇరవై నాలుగు మొక్కలు పెడితే, పద్దెనిమిదింటికి తల తుంచి ఆకుకు పెంచండి. ఆరింటిని పూతకు వదిలి సంచి తొడగండి. లంక నేల అంతటా ఒకేలా ఉండదు, పది అడుగుల దూరంలో ఒండ్రు పోయి ఇసుక మేట రావచ్చు. అందుకని వీలైతే ప్రతి సాలునూ చేలో రెండు చోట్ల నాటి, రెండు చోట్లా బాగున్నదాన్నే బాగున్నదిగా లెక్కవేయండి.

ఒక సాలులో మొక్కలన్నీ ఒకేలా పెరిగి, రెండు మూడు రోజుల తేడాతో పూతకు వస్తే ఆ తల్లి శుద్ధమైనది. సాలులోనే ఎత్తులు, ఆకు ఆకారాలు రకరకాలుగా విడిపోతే ఆ తల్లికి అంతకుముందే ఎక్కడో పరాయి పుప్పొడి తగిలింది. కాపాడడమే మీ పని అయితే ఆ సాలును పక్కన పెట్టండి. మిగతా సాళ్లలో ఒకటి రెండు కేళీలు (రకానికి చెందని మొక్కలు) కనిపిస్తే పువ్వు విచ్చకముందే పీకివేయండి.

కోత అయ్యాక మోడు నుంచి వచ్చే పిలకను ఒకదాన్ని పెంచి దాని కాయ తీసుకోవడం మరో మార్గం. ఆకు చూసిన మొక్కకే విత్తనం దొరుకుతుందన్న లాభం ఇందులో ఉంది. అయితే అప్పటికి ఎండలు ముదిరి పుప్పొడి బలహీనపడుతుంది, గింజ తాలుగా వస్తుంది. సాలు పద్ధతి కుదరనప్పుడు మాత్రమే దీన్ని వాడండి.

సంచి తొడగడం

స్వపరాగ సంపర్కమే అయినా, తేనెటీగలు, తేనెపిట్టలు తిరిగే చేలో నూటికి నాలుగు నుంచి పది వరకు గింజలు పరాయి పుప్పొడితో ఏర్పడవచ్చు. పక్క చేలో వర్జీనియా పొగాకు ఉంటే ఆ కొద్దిపాటి కలయికే ఐదారేళ్లలో మీ రకాన్ని మార్చివేయడానికి చాలు.

మొదటి పువ్వు విచ్చకముందే పూగుత్తికి పలచని మల్లు గుడ్డ సంచిగానీ గట్టి కాగితపు సంచిగానీ తొడిగి, కాండం చుట్టూ దూది చుట్టి మూతిని వదులుగా కట్టండి. అప్పటికే విచ్చిన పువ్వులు, పిందెలు ఉంటే తుంచివేయాలి. ప్లాస్టిక్ సంచి వద్దు. లోపల చెమర్చి పూత కుళ్లిపోతుంది. పూగుత్తి ఎదుగుతూ ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులకొకసారి సంచిని పైకి జరిపి, రాలిన పూరేకులను దులపండి. ఆ పూరేకులు కాయలకు అంటుకుని ఉంటే బూజు పడుతుంది. నలభై, యాభై కాయలు కట్టాక మిగిలిన మొగ్గలన్నీ తీసివేస్తే గింజ నిండుగా తయారవుతుంది. పూత ముగిశాక సంచి తీసివేయవచ్చు గానీ, శనగపచ్చ పురుగు కాయను తొలిచి గింజ తినే చోట గుడ్డ సంచిని కోతదాకా ఉంచడమే మేలు.

విత్తన మొక్కల దగ్గర పొగాకు మల్లె మొలిచిందేమో ప్రతి వారం చూడండి. పొగాకు వేరు మీద బతికే ఈ పరాన్నజీవి కలుపు గింజ పొగాకు గింజకంటే కూడా సన్నగా, దుమ్ములా ఉంటుంది. అది పూతకు రాకముందే పీకి, చేను బయట కాల్చివేయాలి. మల్లె పట్టిన మొక్క ఎంత మంచిదైనా దాని విత్తనం తీసుకోకూడదు, ఎందుకంటే ఆ విత్తనాన్ని ఎవరికి ఇస్తే వారి చేనుకు ఈ పీడను కూడా ఇచ్చినట్లే.

కాయ కోత, గింజ శుభ్రం చేయడం

పువ్వు విచ్చిన తరువాత నాలుగు వారాలకు కాయ గోధుమ రంగుకు తిరుగుతుంది. గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు. ఎక్కువ భాగం రంగు తిరిగాక, మంచు ఆరిన వేళ గుత్తిని కాడతో కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా పెట్టి, గాలి ఆడే నీడలో రెండు వారాలు వేలాడదీయండి. సిమెంటు నేల మీద ఎండలో పోయవద్దు.

ఎండిన కాయలను చేత్తో నలిపి, టీ వడకట్టే జల్లెడలో వేస్తే గింజ కిందికి దిగి, కాయ పెచ్చులు పైన నిలుస్తాయి. తరువాత గింజ నిలిచి దుమ్ము మాత్రం జారిపోయేంత సన్నని జాలీ మీద మరోసారి ఆడించండి. తాలు గింజను నోటితో మెల్లగా ఊది గానీ ఫ్యాన్ దూరంగా పెట్టి గానీ వేరుచేయవచ్చు. ఒక మొక్క పని ముగిసి మరో మొక్క విత్తనం అందుకునే ముందు జల్లెడ, పళ్లెం, చేతులు పూర్తిగా తుడవండి. జల్లెడ అంచున ఇరుక్కున్న గింజలు చాలు, ఒక సాలులో మరో సాలు మొలవడానికి.

ఆకు తీర్పు వచ్చేదాకా ఆగండి

విత్తనం మార్చిలోనే చేతికి వస్తుంది. అయినా ఏ సాలు విత్తనం ఉంచాలో అప్పుడే నిర్ణయించకూడదు. ఆకు పందిట్లో ఎండాలి, మండె (ఆకు కుప్ప) కట్టాక వేడెక్కి మగ్గాలి, తిరగవేసి మళ్లీ మగ్గాలి. ఈ పనులన్నిటిలో ప్రతి సాలు ఆకునూ విడి తోరణంగా కట్టి, సాలు అంకె వేసిన చీటీ చివరిదాకా ఊడిపోకుండా చూడాలి. నిజానికి ఈ పద్ధతి ఎక్కడైనా విఫలమైతే చేలో కాదు, మండెలో చీటీ పోయిన చోటే విఫలమవుతుంది.

మగ్గిన ఆకును చుట్టలు చుట్టేవారి చేతికి ఇవ్వండి, ఏ సాలుదో చెప్పకుండా ఇవ్వండి. పైన చుట్టే ఆకుగా సాగుతుందా చిరుగుతుందా, ఈనెలు అడ్డుపడుతున్నాయా, లోపల వేసే ఆకుగా పీల్పు ఆడుతుందా అన్నది వారి వేళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ కొలతా చెప్పదు. కాలే గుణం చూడడానికి చుట్ట నోట పెట్టవలసిన పని లేదు. నోటి క్యాన్సరుకు చుట్ట ఒక కారణమన్నది, ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పు కొన నోట్లో పెట్టుకుని) తాగేవారి అంగిట్లో వచ్చే పుండ్లను బట్టి వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఆకు మధ్యలో కాలుతున్న అగరుబత్తి కొన తాకించి, నిప్పు మంట లేకుండా ఎన్ని క్షణాలు పాకుతుందో లెక్కపెట్టండి, ఒక్కొక్క సాలు నుంచి పది ఆకులకు తగ్గకుండా. బూడిద తెల్లగా నిలిచి ఉందా, నల్లగా పొడిపొడిగా రాలుతోందా అన్నది కూడా రాయండి.

ఒక జాగ్రత్త అవసరం. నీటిలో, ఎరువులో క్లోరైడు ఎక్కువైతే ఏ రకం ఆకైనా సరిగా కాలదు. పొటాష్ తగినంత అందితే బాగా కాలుతుంది. ఉప్పు నీటి నూతి కింద పెరిగిన సాలును, మంచినీటితో పెరిగిన సాలుతో పోల్చి విత్తనాన్ని తప్పుపట్టకూడదు. క్లోరైడు ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వాడకుండా సల్ఫేట్ రూపంలో పొటాష్ వేయండి.

తీర్పు వచ్చాక అన్నిటికంటే మంచి సాలును ఒక్కదాన్నే ఉంచుకోవాలని మనసు పోతుంది. అలా చేయవద్దనే నా అభిప్రాయం. పాత రకం అంటే దగ్గరి పోలికలున్న పలు వంశాల కలయిక. ఒక ఏడాది వాన ఎక్కువైతే ఒక వంశం, మరో ఏడాది మంచు ఎక్కువైతే మరో వంశం పంటను నిలబెడుతుంది. బాగా లేవని తేలిన సాళ్లను తీసివేసి, మిగిలిన ఎనిమిది పది సాళ్ల విత్తనాన్ని సమపాళ్లలో కలిపి సాగుకు వాడుకోండి. విడి సీసాలు మాత్రం అలాగే ఉంచండి.

నిల్వ

గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది; నిల్వ ఉంచిన చోట ఐదు డిగ్రీల వేడి తగ్గినా అంతే. ముందు ఆరబెట్టడం, తరువాతే చల్లబెట్టడం. కాగితపు పొట్లాల్లో కట్టిన విత్తనాన్ని, దానికి సమానమైన బరువు నీలి సిలికా జెల్‌తో కలిపి బిగుతు మూత సీసాలో వారం రోజులు ఉంచండి. జెల్ గులాబీ రంగుకు మారితే వేడిచేసి, చల్లారాక మళ్లీ వాడవచ్చు. సిలికా జెల్ లేకపోతే బాగా వేయించి చల్లార్చిన బియ్యం కొంతవరకు ఆ పని చేస్తుంది. ఆ తరువాత పొట్లాలను చిన్న సీసాలోకి మార్చి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. బయటికి తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, లేకపోతే గాలిలోని తేమ గింజ మీద మంచులా కూడుతుంది.

మొత్తాన్ని మూడు భాగాలు చేయండి: ఒకటి ఏటా వాడకానికి, ఒకటి ఇంట్లో ముట్టుకోకుండా, ఒకటి లంక బయట మరో ఊళ్లో. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరి వచ్చిన తీరు చూసినవారికి మూడో భాగం ఎందుకో చెప్పనక్కరలేదు. ముట్టుకోని సీసాను కూడా రెండు మూడేళ్లకొకసారి నూరు గింజలతో పరీక్షించి, మొలక శాతం పడిపోవడం మొదలవగానే కొత్త తరం వేయండి. అంతకుముందే ఏటా వేసి తిప్పడం వల్ల ప్రతిసారీ కలగాపులగం అయ్యే ప్రమాదమే తప్ప లాభం లేదు.

కొత్త గుణం తీసుకురావాలంటే

పాత రకానికి తెగులు తట్టుకునే శక్తి లేకపోవడం తరచుగా కనిపించే లోటు. 1979, 1980 సంవత్సరాల్లో క్యూబా సిగార్ తోటలను నీలి బూజు తుడిచిపెట్టిన తరువాత, పేరుమోసిన కొరోహో రకం స్థానంలోకి తెగులు తట్టుకునే కొత్త రకాలు వచ్చాయి. పాత ఆకు రుచిని వెతుక్కునేవారు ఈనాటికీ ఉన్నారు. తెగులు వచ్చాక హడావుడిగా రకం మార్చే కంటే, మీ రకంలోకే ఆ ఒక్క గుణాన్ని తెచ్చుకోవడం నిదానమైన మార్గం.

రేపు విచ్చుతుందనిపించే మొగ్గను సాయంత్రం ఎంచుకోండి: పూగొట్టం పూర్తిగా సాగి, కొన గులాబీ రంగు తిరిగి, ఇంకా మూసుకుని ఉండాలి. సూదితో గొట్టాన్ని నిలువుగా చీల్చి, ఐదు కేసరాలనూ సన్నని పట్టుకారుతో తీసివేయండి. ఒక్క పుప్పొడి తిత్తి పగిలి ఉన్నా ఆ పువ్వును వదిలివేయాలి. గుత్తిలో మిగతా పువ్వులన్నీ తుంచి, సంచి తొడగండి. మరునాటి ఉదయం కీలాగ్రం (పువ్వు మధ్య పుప్పొడి అందుకునే కొన) జిగటగా మెరుస్తుంది. ముందే సంచి తొడిగిన తండ్రి మొక్క నుంచి అప్పుడే పగిలిన తిత్తిని తెచ్చి దాని మీద రుద్దండి. ఒక చివర మడిచిన స్ట్రా ముక్కను కీలాగ్రం మీద తొడిగితే ఈగ వాలదు. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తరువాత, తేదీ రాసిన చీటీ కట్టండి. రెండు మూడు కాయలు నిలిస్తే చాలు.

ఈ గింజ నుంచి వచ్చిన మొదటి తరం అంతా ఒకేలా ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. దాన్ని సంచిలో స్వపరాగంతో కాయ కట్టిస్తే రెండో తరంలో గుణాలు విడిపోతాయి. రెండు వందల మొక్కలైనా వేస్తే ఎంచుకోవడానికి వీలుంటుంది. తరానికి తరానికి అస్థిరత సగమవుతుంది కాబట్టి, ఆరో తరానికి సాళ్లు నిలకడగా కనిపిస్తాయి. ఇది కొత్త రకం తయారుచేసే దారి.

మీకు కావలసింది పాత రకమే, ఒక్క తెగులు నిరోధకత మాత్రమే అదనంగా కావాలంటే, మొదటి తరం మొక్కను మళ్లీ పాత రకంతోనే సంకరం చేయండి. ప్రతి తరంలోనూ తెగులు తట్టుకున్న మొక్కలను మాత్రమే ఎంచి, మళ్లీ పాత రకంతో కలపాలి. ఒకసారి వెనక్కి కలిపితే పాత రకపు వాటా సగటున నూటికి 75, రెండోసారి 87.5, ఐదోసారి 98కి పైగా అవుతుంది. మొజాయిక్ తెగులుకు ఇది బాగా కుదురుతుంది. నికోటియానా గ్లుటినోసా అనే అడవి జాతి నుంచి వచ్చిన నిరోధక జన్యువు ప్రబలమైనది కాబట్టి, ప్రతి తరంలోనూ తెగులు ఆకు రసాన్ని ఒక ఆకు మీద రుద్ది చూస్తే, నిరోధకత ఉన్న మొక్కలో ఆ చోట చిన్న ఎండు మచ్చలు పడి తెగులు అక్కడే ఆగిపోతుంది. ఈ పరీక్షను విత్తన మొక్కలకు దూరంగా, విడి కుండీలలో చేయండి. చివరి సంకరం తరువాత ఒక తరాన్ని స్వపరాగంతో నిలిపి, సాలు పద్ధతిలో ఆకును మళ్లీ చుట్టేవారికి చూపించాలి. అడవి జన్యువుతో పాటు దాని పక్కనున్న అక్కరలేని గుణాలు కూడా అంటిపెట్టుకుని వచ్చి, ఆకు దిగుబడిని తగ్గించడం ఉంది. సంకరం ఎంత బాగా కుదిరినా, సంకరం చేయని అసలు విత్తనపు సీసాను ఖాళీ చేయకండి.

పంచుకునేటప్పుడు

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఇచ్చే ప్రతి పొట్లం మీద రకం పేరు, సాలు అంకె, కాయ కోసిన సంవత్సరం, మొలక శాతం, సంచి తొడిగినదో కాదో రాయండి. తీసుకున్నవారి పేరు, ఊరు మీ పుస్తకంలో రాసుకుంటే, మీ సీసా పాడైన ఏడాది ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.